అక్క నాగమ్మ, తమ్ముడు బసవన్న



తోబుట్టువుల ప్రేమను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మన ఇండ్లలో ముందుగా రామలక్ష్మణుల పేర్లు వినబడును. అది అన్నదమ్ముల కథ. అక్కాతమ్ముల కథ మన శరణ చరిత్రలోనే ఉన్నది. దానిని మన పిల్లలకు తగినంతగా చెప్పుట లేదు.

బాగేవాడిలో మాదిరాజు, మాదాంబలకు జన్మించిన బసవన్నకు నాగమ్మ అక్క. బసవన్న ఉపనయనమును నిరాకరించిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణమున వ్రాసెను. పెద్దలు చెప్పు కథలో మరియొక మాట కలదు. తనకంటె పెద్దదైన అక్కకు లేని జందెము తనకేల అని బాలుడు అడిగెనట. తన జందెములో అక్కకు ఏదో కొంత కానుకగా ఇత్తునని ఆయన అనలేదు. ఆమెకు లేనిది తనకును వలదనెను. ఈ తేడాను పాఠకులు మనస్సున నిలుపుకొనవలెను.

నాగమ్మ కూడ తమ్మునితో ఇల్లు విడిచి కూడలసంగమమునకు, పిదప కల్యాణమునకు వెళ్లెను. ఆమె కుమారుడు చెన్నబసవన్న మేనమామ చెంత పెరిగి షట్‌స్థల సిద్ధాంతమునకు ఆచార్యుడాయెను. నాగమ్మ వచనములు కూడ చెప్పినది. ఆమె ముద్రిక "బసవణ్ణప్రియ చెన్నసంగయ్య". అనగా దైవమును పిలుచునప్పుడు కూడ తమ్ముని పేరు విడువలేదు. 12వ శతాబ్దమున కల్యాణములో కల్లోలము చెలరేగిన పిదప ఆమె కుమారునితో, శరణులతో ఉళవి దారి పట్టినదని సంప్రదాయము.

ఆ కల్యాణము, అనగా నేటి బసవకల్యాణము, మన పెద్దకొడప్‌గల్‌కు నైరుతి దిక్కున బీదరు జిల్లాలో ఉన్నది. ఈ సీమలో తెలుగు, కన్నడము, మరాఠీ కలసి వినబడును. మన ఆడపడుచులు కొందరు బీదరు వైపునకు, కొందరు నాందేడు వైపునకు కోడండ్రై వెళ్లుదురు. నాగులపంచమికి వచ్చి అన్నదమ్ముల కండ్లు పాలతో కడుగుదురు. పుట్టింటివారు ఒడిబియ్యము పోయుదురు. ఇవి చక్కని ఆచారములు, వీనిని విడువరాదు.

అయితే బంధము తెగుట పండుగనాడు జరుగదు. తండ్రి గతించిన పిదప భూమి విరాసత్ చేయించునాడు జరుగును. చీర పెట్టి, భోజనము పెట్టి, చదివి వినిపింపకయే కాగితముపై అక్కచేత వేలిముద్ర వేయించుట మనలో లేదని ఎవరైన అనగలరా?

1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టియే తన పరిధిలో చేర్చినది. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు ఇచ్చినను, అప్పటికే పెండ్లియైన వారిని విడిచినది. 2005 నాటి కేంద్ర సవరణలో ఆ భేదము లేదు. ఆ సవరణనాటికి తండ్రి జీవించి ఉండవలెనన్న నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది.

"అక్క పెండ్లికి అప్పు చేసితిని, తల్లిదండ్రులను సాకితిని, బోరు వేయించితిని" అని తమ్ముడు అనవచ్చును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఆ లెక్కయు అక్క ముందే విప్పవలెను. అంతయు విని ఆమె తన భాగమును తమ్మునికి విడిచినచో అది ఆమె దానము. తెలియక విడిచినది దానము కాదు. ఆమె అడిగినచో "పుట్టింటి దారి మూసికొన్నది" అని వదినెలు, మరదండ్రు అనుట మానవలెను. అట్టి మాట ఒక్కటి చాలు, మరుసటి పంచమికి ఆమె రాదు.

మఠములలోను, ఇండ్లలోను ఈ పాఠము చదువువారు ఒక పని చేయుదురు గాక. వచ్చు నాగులపంచమికి అక్కచెల్లెండ్రు వచ్చినపుడు, పాలగిన్నె తెచ్చుటకు ముందే పట్టా పుస్తకమును, అప్పు పత్రములను చాపపై పరచి, వారికి వచ్చిన భాషలో, తెలుగైన, కన్నడమైన, మరాఠీయైన, మొదటినుండి చివరివరకు చదివి వినిపింపుడు.