లెక్కలు లేని ఇంటిచదువు

సమస్య

మాది రాజమహేంద్రవరము. కార్పొరేటు బడిలో స్టడీ అవర్ల ఒత్తిడికి మా పిల్ల మాటిమాటికి జ్వరపడుచుండుట చూడలేక మూడేండ్ల క్రిందట బడి మాన్పించి, నాటినుండి నేనే యింటివద్ద చదివించుచున్నాను. ఇప్పుడు దానికి 12 ఏండ్లు. తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర బాగుగ వచ్చినవి. భాగవత పద్యములు తడుముకొనక అప్పగించును. నాకు చిన్ననాటినుండి లెక్కలనిన భయము గనుక అవి భిన్నముల దగ్గర ఆపితిమి. ఓపెన్ స్కూలులో పదవ తరగతికి లెక్కలు తప్పనిసరి కాదని విని ఊరడిల్లితిని. చీటీల లెక్కలు నోటితోనే కట్టెడి మా అత్తగారు మాత్రము, పిల్ల బ్రతుకు బుగ్గిచేయుచున్నానని దినమును సాధించుచున్నారు. తిరిగి బడిలో వేయవలయునా?

— ఒక తల్లి

సలహా

అమ్మా, బడిలో వేయుటయో మానుటయో మీ యిష్టము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 14 ఏండ్లలోపు పిల్లను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొనుమనుచున్నది గావున ఆ ద్వారము మూతపడలేదు. నాకు కోపము వచ్చినది వేరొక చోట. భయము మీది, ఆగిపోయినది పిల్ల చదువు.

ఓపెన్ స్కూలు నియమము మీరు విన్నట్టిదే: ఒక భాషయైనను ఉండునట్లు ఐదు విషయములు ఎన్నుకొనిన చాలును. బ్రతుకుతెరువునకై నడుమ చదువు మానినవారికి ఆ వెసులుబాటు ఎంతయు మేలు చేయును. కాని దినమంతయు తల్లి చెంతనుండి, పద్యములు ధారాళముగ అప్పగింపగల పిల్లకు దానిని అన్వయించి, రేపు అది పాలిటెక్నిక్కున చేరగోరి పాలిసెట్ వ్రాయబోయినచో పదిలో లెక్కలు లేవని వెనుదిరిగి వచ్చునట్లు చేయుట ఏపాటి వాత్సల్యము?

మన కుటుంబములలో పెద్దలు పిల్లలకు పొలము, ఇల్లు ఇచ్చునపుడు దస్తావేజులు వ్రాయింతురు గాని, తమ భయములను మాత్రము ఏ కాగితమును లేకయే ధారపోయుచుందురు. గోదావరి గట్టున పుట్టియు, తల్లికి నీరనిన బెదురగుటచేత ఈత నేర్వనివారు మీ వీథిలోనే ఎందరు లేరు? బడిలో ఒక అయ్యవారికి రానిది మరియొక అయ్యవారికి వచ్చును. ఇంటిచదువున చెప్పువారు ఒక్కరే యగుటచేత, వారికి రానిది పిల్ల పాలిట లోకములోనే లేనిదగును. కావున ఇంటివద్ద చదువు చెప్ప పూనుకొనిన తల్లి మొదట తనకు రానివాని జాబితా వ్రాసికొని, వానిని ఎవరిచేత చెప్పించవలయునో వెదకవలెను.

అట్లు వెదకినచో మొదటి గురువు మీ యింటనే కలరు. లక్ష రూపాయల చీటీని 20 మందిలో ఒకరు 20,000 తగ్గించి పాడినపుడు, నడుపువారి కమిషను 5,000 పోను మిగిలిన 15,000 అందరికి పంచగా తలకు 750 చొప్పున తగ్గి, ఆ నెల 5,000కు బదులు 4,250 కట్టిన చాలునని మీ అత్తగారు వక్క నములుచునే చెప్పగలరు. అందులో ఐదవ వంతును, ఇరువదవ వంతును, నూటికి ఇంతయను లెక్కయు ఉన్నవి. రాబోవు పాటనాడు పిల్లను ఆమె ప్రక్కన కూర్చుండబెట్టి, మీరును కాగితము తీసికొని కూర్చుండుడు. సాధింపులును కొంత తగ్గవచ్చును. బీజగణితము దగ్గర మాత్రము వారును చాలరు గనుక, ఊరిలో ఉద్యోగవిరమణ చేసిన లెక్కల మాస్టారు నొకరిని ఇప్పుడే కుదుర్చుకొనుడు.