పొడుగు బ్యారెలా, పొట్టి బ్యారెలా? మీ చేతినే అడగండి

పిస్టల్ షూటింగ్‌లో కాస్త చేయి తిరిగిన ప్రతి పిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది: బ్యారెల్ పొడుగుది కొనాలా, పొట్టిది కొనాలా? ప్రొద్దుటూరు నుంచో, జమ్మలమడుగు నుంచో, పులివెందుల నుంచో రాత్రి బస్సెక్కి హైదరాబాద్ రేంజ్‌కు రావాల్సిన కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. పోటీలకు పనికొచ్చే ఎయిర్ పిస్టల్ ఖరీదు లక్ష దాటుతుంది. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి అదే చేతిలో ఉంటుంది. "నాయనా, చాంపియన్లు పట్టుకునేదే కొందాం" అంటాడు కొడుకు. "ముందు ధర సంగతి చూడు అబ్బీ" అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ పిల్లవాడి మణికట్టు ఏమంటోందో, నలభయ్యో గుండు దగ్గర అతని భుజం ఏమంటోందో ఇద్దరూ అడగలేదు.

బ్యారెల్ కంటే ముందు భయం సంగతి చెప్పుకోవాలి. సీమలో తుపాకీ మాట ఎత్తితే తల్లుల గుండె ఝల్లుమంటుంది. కక్షలు, నాటుబాంబులు చూసిన పల్లెలు ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్నాయి. ఆ తల్లి భయాన్ని తీసిపారేయకండి, కూర్చోబెట్టి వివరంగా చెప్పండి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మందుగుండు ఉండదు. సిలిండర్‌లో కుదించి నింపిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును తోస్తుంది, అంతే. నిర్ణీత శక్తికి లోబడిన ఈ కాలిబర్ గాలి తుపాకులకు మన దేశంలో లైసెన్సు కూడా అక్కర్లేదు. అలాగని ఆటబొమ్మా కాదు. కంటికి తగిలితే చూపు పోతుంది. మిద్దె మీదికి, వీధిలోకి, స్నేహితుల ముందుకు తెచ్చే వస్తువు కాదది. ఈ క్రమశిక్షణ లేని పిల్లవాడికి ఏ బ్యారెలూ కొనివ్వొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

ఇక నిబంధనలు. అంతర్జాతీయ పోటీల్లో ఎయిర్ పిస్టల్ 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. బరువు 1500 గ్రాములు మించకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి. ఈ హద్దుల్లో బ్యారెల్ ఎంతైనా ఉండొచ్చు. మోరిని, స్టెయర్ లాంటి కంపెనీలు మామూలు పొడవుతో పాటు పొట్టి రకాన్నీ అమ్ముతున్నది అందుకే. నిర్ణయం మన చేతికే వదిలేశారు.

"పొడుగు బ్యారెల్ అయితే గుండు సూటిగా పోతుంది" అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మంచి పిస్టల్‌ను బల్లకు బిగించి కాలిస్తే పొడుగుదైనా పొట్టిదైనా గుళ్లన్నీ పదో వలయంలోనే పడతాయి. "పొట్టి బ్యారెల్ నుంచి గుండు త్వరగా బయటపడుతుంది, ఈలోపు చేయి కదలదు" అనేది ఇంకో నమ్మకం. గుండు వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు. బ్యారెల్ ఐదు సెంటీమీటర్లు తగ్గితే కలిసొచ్చేది సెకనులో మూడువేలో వంతు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ట్రిగ్గర్ నొక్కుతూ చేసే తప్పు అంతకు వందల రెట్లు ఎక్కువ సేపు సాగుతుంది.

అసలు తేడా చూపులో ఉంది. గురి చూసేందుకు వెనక ఉండే సైట్‌లోని గాడికీ ముందు సైట్‌కూ మధ్య దూరాన్ని సైట్ రేడియస్ అంటారు. పొడుగు బ్యారెల్ మీద ఈ దూరం పెరుగుతుంది. లెక్క వేసి చూద్దాం. ఆ దూరం 360 మిల్లీమీటర్లు అనుకోండి. ముందు సైట్ గాడి మధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల అవతల గుండు దాదాపు 28 మిల్లీమీటర్లు తప్పుతుంది. అదే దూరం 300 అయితే 33 మిల్లీమీటర్లు తప్పుతుంది. టార్గెట్ మీద పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఆ బయట ఒక్కో వలయానికి ఎనిమిదేసి మిల్లీమీటర్లు. అంటే కంటి ముందు ఒక్క మిల్లీమీటరు తేడా మూడు నాలుగు పాయింట్లను మింగేస్తుంది. అదే, సైట్లు రెండూ కుదురుగా ఉండి చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే? గుండు కూడా ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది, పది పాయింట్లు అలాగే ఉంటాయి. చేయి కాస్త ఊగినా ఫర్వాలేదు, మణికట్టు విరగకూడదు అని కోచ్‌లు నెత్తీనోరూ బాదుకునేది ఇందుకే.

మణికట్టు ఒకే కోణంలో వంగినప్పుడు గుండు తప్పే దూరం రెండు పిస్టళ్లకూ ఒకటే. కానీ పొడుగు పిస్టల్ మీద ఆ వంపు మన కంటికి పెద్దదిగా కనిపిస్తుంది, పొట్టిదాని మీద చిన్నదిగా కనిపిస్తుంది. బంగారం తూకాలు చూసిన ప్రొద్దుటూరు వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. బంగారం తూచే త్రాసు ఊపిరి తగిలినా ఊగుతుంది, ధాన్యం తూచే కాటా మనిషి ఆనుకున్నా కదలదు. త్రాసు ఊగుతోందంటే చెడిపోయిందని కాదు, గురిగింజంత తేడాను కూడా దాచలేదని.

ఇక్కడే పనిముట్టు ప్రశ్న మనిషి ప్రశ్నగా మారుతుంది. తన తప్పు పెద్దదిగా కనిపిస్తే మీ పిల్లవాడు ఏం చేస్తాడు? కొందరు ఆ ఊగులాటను నిదానంగా చూస్తారు, ఊపిరి సర్దుకుంటారు, కుదరకపోతే చేయి దించి మళ్లీ ఎత్తుతారు. వీళ్లకు పొడుగు బ్యారెల్ గురువు లాంటిది. ఇంకొందరు ముందు సైట్ అటూ ఇటూ ఆడుతుంటే కంగారుపడతారు, అది మధ్యకొచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను గబుక్కున లాగేస్తారు. కుడిచేతి వాళ్లకైతే గుండు కిందికి, ఎడమకు పోతుంది. అది చూసి ఇంకా బిగుసుకుపోతారు. ఇలాంటి పిల్లలకు మొదట పొట్టి బ్యారెల్ మంచిది. తప్పు తగ్గదు, నిజమే, కానీ భయం తగ్గుతుంది. భయం తగ్గితే వేలు నెమ్మదిస్తుంది. వేలు నెమ్మదించాక తప్పు దానంతటదే తగ్గడం మొదలవుతుంది.

ఒంటి సంగతి కూడా ఉంది. పోటీలో 75 నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి. ప్రతి గుండుకూ సుమారు కిలో బరువును ఒంటిచేత్తో చాచి నిలబెట్టాలి. పొడుగు బ్యారెల్ బరువు ముందుకు వాలి ఉంటుంది. బలమైన భుజానికి అది లంగరు వేసినంత నిలకడనిస్తుంది. పదమూడేళ్ల పిల్లకు అదే బరువు నలభయ్యో గుండు దగ్గర మణికట్టును కిందికి లాగేస్తుంది. ఎదిగే వయసు పిల్లలకు పెద్దవాళ్ల కొలత తొడగొద్దు.

ఏది గొప్పదన్న వాదానికి తెలుగునేల మీదే జవాబుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2005లో పుట్టింది. తండ్రి మోటారు ర్యాలీ డ్రైవరు. రేంజ్ ఇంటికి దూరం కావడంతో ఆయన ఇంట్లోనే సాధనకు ఏర్పాటు చేశారు. 2018లో, పదమూడేళ్ల వయసులో, తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో మను భాకర్, హీనా సిద్ధూ లాంటి పేరున్న షూటర్లను దాటి ఈషా పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వాటిలో వ్యక్తిగత రజతాలు రెండు: ఒకటి పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, ఇంకొకటి 25 మీటర్ల పిస్టల్‌లో. ఈ రెండో పోటీలో బ్యారెల్ 153 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎయిర్ పిస్టల్ బ్యారెల్ కంటే బాగా పొట్టి. పైగా అందులో సగం గుళ్లు వేగంగా కాల్చాలి. మూడు సెకన్లలో చేయి ఎత్తి, గురి చూసి, గుండు వదలాలి. పొడుగుదానితో నిదానంగా ఒక రజతం, పొట్టిదానితో వేగంగా ఇంకో రజతం. చేయి మాత్రం ఒక్కటే. ఇలాంటి ఉదాహరణ కళ్లముందు ఉండగా బ్యారెల్ పొడవు మీద పందేలు కాయడం దండగ.

అలాగని "పనిముట్టుదేముంది, అంతా మనసులోనే ఉంది" అనే ఉపన్యాసాలను నేను ఒప్పుకోను. ఆడలేక మద్దెల ఓడన్నారని మన పెద్దలు ఎగతాళి చేశారు గానీ, కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. బాగు చేయించుకుని తిరిగొచ్చేసరికి విలువైన సమయం కరిగిపోయింది. 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో నిలిచి ఫైనల్‌కు దూరమైంది. 2024 పారిస్‌లో అదే అమ్మాయి రెండు కాంస్యాలు గెలిచింది. ఆ పారిస్‌లోనే జేబులో చేయి పెట్టుకుని కాల్చిన తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. సరంజామా లేకుండానే రజతం కొట్టాడని అందరూ మెచ్చుకున్నారు. ఆయన చేతిలో ఉన్నది పోటీలకు తయారైన పిస్టలే, ఆయన వెనక ఉన్నది 2008 బీజింగ్ నుంచి వరుసగా ఒలింపిక్స్‌కు వెళ్లిన అనుభవం. ఆ ఫోటో చూసి మీవాడు నేర్చుకోవాల్సింది జేబులో చేయి పెట్టుకోవడం కాదు.

మరి ఎలా ఎంచుకోవాలి? కొనకముందే కొలవాలి. రేంజ్‌లో కోచ్‌నో, సీనియర్లనో అడిగి రెండు రకాలూ చేతికి తీసుకోండి. పది గుళ్లు కాల్చి తేల్చేయకండి, పది గుళ్లు ఎవరినైనా మోసం చేస్తాయి. ఒక్కోదానితో అరవై కాల్చండి, వేర్వేరు రోజుల్లో, కుదిరితే రెండు మూడు వారాల పాటు. మొత్తం స్కోరు పక్కనపెట్టి మొదటి ఇరవై గుళ్లు ఎంత దగ్గరగా పడ్డాయో, చివరి ఇరవై ఎంత దగ్గరగా పడ్డాయో పోల్చండి. చివరి ఇరవై కిందికి జారుతుంటే పిస్టల్ ముందు బరువు మీ భుజానికి ఎక్కువైందని అర్థం. మొదటి నుంచీ కింద ఎడమకే పడుతుంటే అది బ్యారెల్ లోపం కాదు, వేలి లోపం. చాలా పిస్టళ్లలో ముందు సైట్‌ను కాస్త వెనక్కి జరపొచ్చు, బ్యారెల్ కింద చిన్న చిన్న బరువులు తగిలించొచ్చు, తీసేయొచ్చు. అంటే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పొడుగుదాన్ని పొట్టిదానిలా, పొట్టిదాన్ని పొడుగుదానిలా కొంతవరకు పరీక్షించుకోవచ్చు. ఈ చిన్న పనికి బద్ధకించి లక్ష ఖర్చు పెట్టేవాళ్లే ఎక్కువ.

ఇంకో మాట, బ్యారెల్ కంటే ముఖ్యమైనది: పిడి. చెక్క పిడి అరచేతికి అతికినట్టు ఉండాలి. ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ ఆకురాయితో అరగదీయాలి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చెక్క లప్పం నింపాలి. కడప ఎండల్లో అరచేయి చెమట పడితే సరిగా కుదరని పిడి ప్రతి గుండుకూ ఒక్కో తీరుగా కూర్చుంటుంది. అప్పుడు ఏ బ్యారెల్ కొన్నా ఒకటే. పిల్లవాడి చేయి పెరుగుతుంది కాబట్టి ఈ పని ఏటా చేయాల్సిందే.

ఈ కొలిచే అలవాటు షూటింగ్‌తో ఆగిపోదు. డిగ్రీ పూర్తయిన కుర్రాడు సివిల్స్ కోసం ఢిల్లీ వెళ్లాలా, ఊళ్లోనే ఉండి బ్యాంకు పరీక్ష రాయాలా అని కొట్టుమిట్టాడుతుంటే, అందరూ ఏదో ర్యాంకరు పేరు చెప్పి పంపించేస్తారు. ఆ ర్యాంకరు భుజం వేరు. మూడేళ్లపాటు ఫలితం కనిపించకపోయినా, ప్రతి మాక్ టెస్టులో తన తప్పులు పెద్దవిగా కనిపించినా, నిద్ర చెడకుండా మళ్లీ కూర్చోగలడా? కూర్చోగలిగితే దూరపు లక్ష్యమే పెట్టుకోమనండి. లేదంటే ముందు ఆరు నెలల్లో తేలే పరీక్ష రాయనివ్వండి. అది ఓటమి కాదు, ఇవాళ్టి బలానికి తగ్గ కొలత. బలం పెరిగాక కొలత మార్చుకోవడానికి ఎవరూ అడ్డురారు.

పిస్టల్ ఎంచుకున్నాక మాత్రం ఒక ఏడాది బ్యారెల్ మాట ఎత్తకండి. ఒక పోటీలో స్కోరు తగ్గగానే "పొట్టిది కొని ఉంటే..." అని మొదలుపెట్టే పిల్లలను ఆపాల్సింది పెద్దవాళ్లే. స్కోరు తగ్గిన రోజున డైరీలో రాయించండి: ఎన్నో గుండు దగ్గర చేయి అలిసింది, ఎన్నోదాని దగ్గర కంగారు పుట్టింది, ఆ ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయాడు. ఇంటి దగ్గర రోజూ అరగంట గుండు లేకుండా, ఖాళీ తెల్లగోడకు ఎదురుగా ట్రిగ్గర్ సాధన చేయించండి. టార్గెట్ లేనప్పుడు కన్ను సైట్ మీద నిలుస్తుంది, వేలు నిజం చెబుతుంది. దీనికి రేంజ్ అక్కర్లేదు, బస్సు చార్జీ అక్కర్లేదు. అయితే పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉండాలి, ప్రతిసారీ పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూశాకే మొదలుపెట్టాలి.

ఈ సెలవుల్లో హైదరాబాద్ వెళ్లే పని ఉంటే పిల్లవాణ్ని రేంజ్‌కు తీసుకెళ్లండి. రెండు పిస్టళ్లూ పట్టించండి, రెండింటితోనూ అరవయ్యేసి కాల్పించండి, ఆ టార్గెట్ కాగితాలను భద్రంగా ఊరికి తెచ్చుకోండి. డబ్బు సంగతి ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి చూశాక మాట్లాడుకోండి.