బ్రేకులలో గాలి - బ్రేకు ఆయిలు ఎంపిక

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన దినములలో బ్లాకు ఆఫీసు జీపు ఊరిలోనికి వచ్చుటయే ఒక వింత. నేడు పెనుకొండ మండలమందలి ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లే తయారగుచున్నవి. పరిగి పరిసర గ్రామముల నుండి పట్టుగూళ్లు, చింతపండు చిన్న లగేజి బండ్లలో హిందూపురము మార్కెట్టునకు పోవుచున్నవి. బడిపిల్లలు ఆటోలలో వెళ్లుచున్నారు. వాహనములు పెరిగినవి గాని, వాటిని నిలుపు సాధనమును గూర్చిన తెలివిడి అంతగా పెరిగినట్లు మాకు తోచదు. పంచాయతీ బండికి మరమ్మతు బిల్లు వచ్చినపుడు దానిని పరిశీలించి మంజూరు చేయువారు సభ్యులే గనుక, ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

కారు, జీపు, ఆటో, చిన్న లగేజి బండి - వీటి బ్రేకులు ద్రవము మీద ఆధారపడి పనిచేయును. కాలితో పెడలును నొక్కగానే మాస్టరు సిలిండరులోని పిస్టను ద్రవమును ముందునకు నెట్టును. ఆ ఒత్తిడి సన్నని గొట్టముల ద్వారా అన్ని చక్రములకు చేరి, బ్రేకు పట్టీలను డ్రమ్మునకో, డిస్కునకో అదుమును. మూసియున్న ద్రవము మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అంతటను సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రమే దీనికి మూలము.

ద్రవము నొక్కినను దాదాపు కుంచించుకొనదు. గాలి అట్లు కాదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో గట్టిగా మూసి పిడిని నొక్కిచూచిన, పిడి కొంత లోనికి దిగి మరల పైకి తన్నును. బ్రేకు గొట్టములలో గాలి చేరినను జరుగునది ఇదియే. కాలి బలమంతయు గాలిని కుదించుటకే సరిపోవును. చక్రమునకు చేరునది స్వల్పము. పెడలు దూదిమూటవలె మెత్తగా దిగుచున్నదని, రెండు మూడు మారులు కొట్టిననే గాని బ్రేకు పడుట లేదని డ్రైవరు చెప్పినచో దానిని తేలికగా తీసికొనరాదు.

గాలి చేరుటకు కారణములు పలు గలవు. డబ్బాలో ఆయిలు అడుగంటుట, గొట్టము విప్పి మరమ్మతు చేయుట, రబ్బరు వాషర్లు అరిగి కారుట ముఖ్యమైనవి. కంటికి కనపడని కారణము మరియొకటి కలదు. బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. తేమ చేరినకొలది అది తక్కువ వేడికే మరుగును. పెనుకొండ, మడకశిరల నడుమ ఘాటు వంటి దిగుడు దారిలో బరువుతో దిగు బండి పదే పదే బ్రేకు వేయగా చక్రములు మిక్కిలి వేడెక్కును. ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టును. అంతవరకు బాగుగానున్న పెడలు హఠాత్తుగా నేలకు దిగును. 2015 జనవరిలో ఆ మార్గమున బస్సు లోయలో పడి విద్యార్థులు పలువురు మరణించిన దుర్ఘటనను ఈ ప్రాంతమువారు మరువలేదు. దానికి బ్రేకులే కారణమని మేము చెప్పుట లేదు. ఆ దారిలో పొరపాటునకు తావు లేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక ఆయిలు సంగతి. అసలు ఆ పేరే చిక్కు తెచ్చినది. జనులు బ్రేకు ఆయిలు అందురు గాని అది నూనె కాదు; గ్లైకాల్ జాతి రసాయనముల మిశ్రమము. ఆయిలే కదా యని ఇంజను ఆయిలు పోసినచో బ్రేకులలోని రబ్బరు ఉబ్బి చెడును. ఒక్క గరిటెడు కలిసినను మొత్తము వ్యవస్థను విప్పి, కడిగి, రబ్బరు భాగములన్నియు మార్చవలసి యుండును.

డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అను గుర్తులుండును. డాట్ 3 క్రొత్తదిగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదని నియమము, 3.7 శాతము నీరు చేరినపుడు ఆ హద్దు 140కి పడిపోవును. డాట్ 4కు ఈ అంకెలు 230, 155, డాట్ 5.1కి 260, 180. డాట్ 3 వాడు బండిలో డాట్ 4 సాధారణముగా వాడవచ్చును. డాట్ 4 కోరు బండిలో డాట్ 3 వాడరాదు. డాట్ 5 అనునది పేరునకు దగ్గరైనను సిలికాన్ జాతిది. తక్కిన వాటితో కలుపరాదు. తయారీదారు ఏది వాడుమనెనో మూత మీదను, బండి పుస్తకములోను ఉండును. చౌకయని సగము వాడి మూత తీసియుంచిన డబ్బాను కొనుట వృథా. అది అప్పటికే తేమ పీల్చియుండును. సాధారణముగా రెండేండ్ల కొకమారు ఆయిలు మార్చవలెను.

గాలి తీయుటకు ఇద్దరు కావలెను. సామాన్యముగా మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమైన చక్రముతో మొదలిడుదురు. కొన్ని బండ్లకు వరుస వేరు, కనుక పుస్తకము చూడవలెను. చక్రము వద్ద నున్న నిప్పిలునకు పారదర్శకమైన గొట్టము తొడిగి, దాని రెండవ కొనను కొంత క్రొత్త ఆయిలు పోసిన సీసాలో ముంచియుంచవలెను. లోన కూర్చున్నవాడు పెడలును మెల్లగా నొక్కి పట్టియుంచును. క్రిందివాడు నిప్పిలును కొద్దిగా విప్పగా బుడగలతో ఆయిలు వచ్చును. నిప్పిలు బిగించిన పిమ్మటనే పైవాడు కాలు తీయవలెను. ముందే తీసినచో బయటి గాలి లోనికి చొరబడి పని మొదటికి వచ్చును. తొందరపాటువలన పని చెడునది ఎక్కువగా ఇక్కడనే. బుడగలు ఆగువరకు ఇట్లు చేయుచు, పై డబ్బాలో ఆయిలు తరుగకుండ పోయుచుండవలెను. ఏ.బి.ఎస్. గల బండ్లలో కొన్నిటికి ఇందులకై ప్రత్యేక యంత్రము అవసరము. వాటిని తెలిసిన వర్క్‌షాపునకే పంపవలెను.

పని ముగిసిన పిదప ఇంజను నడుపుచు పెడలును ఒక నిమిషము నొక్కి పట్టవలెను. మెల్లగా క్రిందికి జారినచో ఎచ్చటనో కారుచున్నదని గాని, మాస్టరు సిలిండరు చెడినదని గాని గ్రహింపవలెను. డబ్బాలో ఆయిలు మాటిమాటికి తరుగుచుండగా పోయుచు పోవుటయే మరమ్మతు కాదు. బిల్లుతో పాటు పోసిన ఆయిలు గుర్తును, మార్చిన తేదీని బండి లాగ్ పుస్తకములో వ్రాయించుట సభ్యులకు సులభమైన పని.

బస్సులకు, పెద్ద లారీలకు ఈ పద్ధతి వర్తింపదు. అచ్చట బిగించి నింపిన గాలియే బ్రేకు వేయును. ఇచ్చట శత్రువైనది అచ్చట కూలివాడు. ట్రాక్టరులలో పలు రకములు గలవు గనుక పుస్తకము చూడక ఏమియు పోయరాదు.

బ్రేకు ఆయిలు రంగును తినివేయును. బండి మీద పడినచో వెంటనే నీటితో కడుగవలెను. తీసిన పాత ఆయిలును మరల వాడరాదు. చెరువు కాలువలో పారబోయరాదు. అది విషము గనుక మంచినీళ్ల సీసాలో ఎన్నడును పోసియుంచరాదు.