గద్దింపుకు ముందు ప్రశ్న

పాఠభాగము: సామెతలు 23:29–35

ఈ పాఠభాగములో జ్ఞాని మద్యమునుగూర్చి హెచ్చరింపక మునుపు ఆరు ప్రశ్నలు అడుగుచున్నాడు. ఈ వరుసను మనము గమనింపవలెను. పట్టణపు హాస్టలులో చదువుకొను బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నోట వాసన వచ్చినయెడల మనమేమి చేయుదుము? కేకలు వేయుదుము, ఏడ్చుదుము, ఫీజు కట్టమని బెదరింతుము. మేమును ఒక యౌవనస్థుని ఆలాగే గద్దించితిమి. అతడు తల వంచుకొని వినెను గాని మరల మా గుమ్మము త్రొక్కలేదు. ఆ దినమున మేము ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

స్విట్జర్లాండు దేశములో వైద్యులు 1,770 మంది విద్యార్థులతో చేసిన పరిశోధన 2023లో బీఎంజే అను వైద్య పత్రికలో అచ్చయినది. ముందుగా వారు ప్రశ్నలు అడిగి, హానికరముగా త్రాగు విద్యార్థులను గుర్తించిరి. అట్టివారిలో ఇంచుమించు సగముమందికి సెల్‌ఫోనులో పెట్టుకొను ఒక యాప్‌ను ఇచ్చిరి, తక్కినవారికి ఇయ్యలేదు. ఆ యాప్ తన యీడువారు ఎంత త్రాగుచున్నారో, తాను ఎంత త్రాగుచున్నాడో ప్రక్కప్రక్కన చూపును. రక్తములో మద్యము ఎంత చేరునో లెక్కకట్టును. విద్యార్థి తనకు తానే హద్దు పెట్టుకొని, త్రాగినదెల్ల వ్రాసికొనవచ్చును. బండి నడుపుటకు త్రాగని స్నేహితుని ముందుగా ఏర్పరచుకొనుటకును అది తోడ్పడును. పండ్రెండు నెలలు చూడగా, యాప్ పొందినవారు పొందనివారికంటె సగటున నూటికి పది వంతులు తక్కువ త్రాగిరి.

పది వంతులేనా అని కొందరు అందురు. పూర్తిగా మానవలెనని గదా మన బోధ! నిజమే. అయితే ఆ మద్యము తగ్గినకొలది ప్రమాదములును తగ్గును. “అందరును నావలెనే త్రాగుచున్నారు” అని అనేకమంది విద్యార్థులు తలంచుదురు; అది తరచుగా పొరపాటు. ఆ పొరపాటును ఎవరును తిట్టకుండ చూపినప్పుడు, మనస్సు తనను తాను విచారించుకొనును.

అయినను యాప్ ఏదైనను మేలే చేయునని అనుకొనరాదు. స్వీడన్ దేశములో 2014లో అచ్చయిన పరిశోధనలో, రక్తములోని మద్యమును లెక్కకట్టు ఒక యాప్‌ను వాడిన మగ విద్యార్థులు మునుపటికంటె ఎక్కువసార్లు త్రాగిరి. లెక్క తెలిసినంత మాత్రమున బుద్ధి మారదు.

మరియొక హెచ్చరిక. ప్రతిదినము విస్తారముగా త్రాగుచు, త్రాగనియెడల చేతులు వణకు స్థితికి వచ్చినవానికి యాప్ చాలదు. అతడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు రావచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. అట్టివానిని ఇంట గదిలో పెట్టి తాళము వేయక, వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

కాబట్టి తలిదండ్రులారా, బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మొదట అన్నము పెట్టుడి. తరువాత ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగుడి: వారమునకు ఎన్నిసార్లు? ఎవరితో? త్రాగిన రాత్రి బండి నడుపువారెవరు? ఏ దిగులు నిన్ను అటు త్రిప్పుచున్నది? జవాబు చెప్పువరకు ఓర్చుకొనుడి. చెప్పినది ఊరిలో చాటకుడి. మేమును ఆ యౌవనస్థుని యింటికి వెళ్లి, ఈసారి అడిగి వినవలెనని తీర్మానించుకొంటిమి.

ఆలోచించుకొనుటకు: నా బిడ్డ తన తప్పును నాతో చెప్పుకొనగలడా? చెప్పలేనియెడల, దానికి నేనెంతవరకు కారణము?