నాలుగు సెల్లులు గెలిచాయి, ఆరు ఓడాయి!

వడమాలపేటలో బస్సెక్కి తిరుపతి చేరేలోగా ఒకసారి చుట్టూ చూడండి. ఎవరో ఒకరు ఫోనులో ఆట ఆడుతూ కనిపిస్తారు. చేతిలో ఇమిడే ఒక ఆట పరికరం కథ కూడా ప్రయాణంలోనే మొదలయిందని చెబుతారు. జపానులో రైల్లో ఒకాయన ఊసుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ ఉంటే, నింటెండో కంపెనీలో పనిచేసే గున్‌పెయ్ యొకోయ్ గమనించాడు. 1980లో ఆ కంపెనీ 'గేమ్ అండ్ వాచ్' తెచ్చింది. కాలిక్యులేటరులో ఉండే ద్రవ స్ఫటిక తెరనే దానికీ వాడారు.

1989లో అదే కంపెనీ 'గేమ్ బాయ్' చేసింది. దాని తెరకు రంగులు లేవు, లోపల దీపమూ లేదు. 1990లో సెగా కంపెనీ 'గేమ్ గేర్'తో పోటీకి దిగింది. దానికి రంగుల తెర, వెనుక దీపం! మరి ఏది గెలిచి ఉంటుంది?

లెక్క వేద్దాం. రెండింటిలోనూ గోడగడియారంలో వేసే చిన్న సెల్లులే వేయాలి. ఒక్కొక్కటి 1.5 వోల్టులు. సామర్థ్యం 2 ఆంపియర్-గంటలు అనుకుంటే, ఒక సెల్లులోని శక్తి 1.5 × 2 = 3 వాట్-గంటలు.

గేమ్ బాయ్‌కి 4 సెల్లులు, అంటే 12 వాట్-గంటలు. అది సుమారు 15 గంటలు నడిచేది. 12 ÷ 15 = 0.8 వాట్.

గేమ్ గేర్‌కి 6 సెల్లులు, అంటే 18 వాట్-గంటలు. అది నడిచేది సుమారు 4 గంటలే. 18 ÷ 4 = 4.5 వాట్లు.

ఎందుకింత తేడా? ద్రవ స్ఫటికం తానుగా వెలగదు. కాంతిని అడ్డుకుంటుంది, లేదా వదులుతుంది. గేమ్ బాయ్ తెర బయటి వెలుతురునే పరావర్తనం చేసి బొమ్మ చూపేది. రంగుల తెరలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు కాంతిలో చాలా భాగాన్ని మింగేస్తాయి. అందుకే గేమ్ గేర్‌లో వెనుక దీపం వెలుగుతూనే ఉండేది.

చీకట్లో గేమ్ బాయ్ పనికిరాదు, నిజమే. కాని గేమ్ గేర్ కొన్న ఇంట్లో సెల్లుల ఖర్చు తెమిలేది కాదు. గేమ్ బాయ్, 1998లో వచ్చిన దాని రంగుల రూపం కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ సుమారు ఒక కోటి. తక్కువ ధర, మంచి ఆటలు కూడా ఇందుకు కారణాలే.

2022 సెప్టెంబరులో మన తిరుపతిలో లిథియం-అయాన్ సెల్లుల కర్మాగారం ప్రయోగాత్మకంగా పని మొదలుపెట్టింది. అది 10 ఆంపియర్-గంటల సెల్లుల కోసం పెట్టినది. అలాంటి సెల్లు వోల్టేజి 3.7 అనుకోండి. దానితో పై రెండు పరికరాలూ ఎన్నేసి గంటలు నడుస్తాయి? మీరే లెక్క కట్టండి. సెల్లు పెద్దది చేయడం ఒక దారి, వాడకం తగ్గించడం మరో దారి. మీరు ఇంజనీరయితే ఏ దారి ఎంచుకుంటారు?