అంబరీషుడికి మిగిలింది 24 నిమిషాలే

ఏకాదశి వీడియోలో అంబరీషుడి కథ చెప్పాను కదా. నిడివి ఎక్కువైందని చివర్లో ఒక ముక్క వదిలేశాను. నిజానికి నాకు బాగా తగిలింది ఆ ముక్కే.

పోయిన కార్తీకంలో ఒక నియమం పెట్టుకున్నాను. ఏం జరిగినా సరే, పొద్దున్న 6 నుంచి 6.40 దాకా పూజ. ఫోన్ వేరే గదిలో. ‘దేవుడే ఫస్ట్’ అని లాప్‌టాప్ మీద స్టిక్కర్ కూడా అంటించుకున్నా (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది). 22వ రోజు మా రూమ్మేట్ తలుపు కొట్టాడు. రాత్రి నుంచి జ్వరం, వాంతులు. ‘హాస్పిటల్‌కి తీసుకెళ్తావా’ అన్నాడు. ‘పది నిమిషాలు ఆగరా, సహస్రనామం అయిపోతుంది’ అన్నాను. పది కాస్తా ఇరవై అయ్యాయి. బయటికొచ్చి చూస్తే వాడు లేడు, ఒక్కడే ఆటోలో వెళ్లిపోయాడు. డెంగీ. నాలుగు రోజులు అడ్మిషన్. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఇక కథకొద్దాం. భాగవతం నవమ స్కంధంలో వస్తుంది. అంబరీషుడు అడవిలో తపస్సు చేసుకునే ముని కాదు, రాజ్యం ఏలే మహారాజు. మనసు కృష్ణుడి పాదాల మీద, చెవులు హరికథల మీద, చేతులేమో గుడి శుభ్రం చేసే పనిలో. ఏడాదిపాటు ద్వాదశి వ్రతం చేశాడు. కార్తీకంలో మూడు రాత్రులు ఉపవాసం ఉండి, యమునలో స్నానం చేసి, పూజ, దానాలు ముగించి పారణకి సిద్ధమయ్యాడు. సరిగ్గా అప్పుడే దుర్వాసుడు అతిథిగా వచ్చాడు. భోజనానికి ఒప్పుకుని, స్నానం చేసొస్తానని నదికి వెళ్లాడు. ఎంతకీ రాడు! ద్వాదశి ఇంకా అర ముహూర్తమే ఉంది, అంటే 24 నిమిషాలు. ఆలోపు పారణ చేయకపోతే వ్రతభంగం. అతిథికి పెట్టకుండా తింటే అధర్మం. మన భాషలో రెండూ పీ వన్ టికెట్లే.

రాజు తనంతట తాను తేల్చేయలేదు, పండితుల్ని అడిగాడు. నీళ్లు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. కాసిని నీళ్లు తాగి మునికోసం ఎదురుచూశాడు.

తర్వాత దుర్వాసుడి కోపం, జడలోంచి పుట్టిన కృత్య, సుదర్శన చక్రం వెంటపడటం, బ్రహ్మ, శివుడు, చివరికి విష్ణువు కూడా ఆయన్ని కాపాడలేననడం వీడియోలో చూశారు. వదిలేసిన ముక్క ఇది: ముని అలా పరుగెత్తి తిరిగొచ్చేసరికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అంబరీషుడు నీళ్లతోనే ఉన్నాడు. వ్రతం ఎప్పుడో అయిపోయింది. ఆ వచ్చినాయన తనని చంపబోయినవాడు. అయినా అతిథి తినలేదు కాబట్టి తనూ తినలేదు. చక్రాన్ని ప్రార్థించి మునిని కాపాడి, కడుపునిండా పెట్టి, ఆ తర్వాతే తిన్నాడు.

నేను ఇరవై నిమిషాలు ఆపలేకపోయాను. ఆ రోజు నేను ముందు పెట్టింది దేవుణ్ణా, నా 22 రోజుల లెక్కనా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

ఈ కార్తీకంలోనూ పూజ ఆరింటికే. తలుపు వేసుకోవట్లేదు, ఫోన్ పక్కనే ఉంటోంది. స్టిక్కర్ పీకేశాను. మావాడు ఆరున్నరకి లేచొచ్చి హారతికి గంట కొడుతున్నాడు, కాస్త గట్టిగానే.