మహానగరం – మంచినీరు – ముంపు

వేసవిలో మా హాస్టలు బోరు అడుగంటితే బకెట్లు పట్టుకుని ట్యాంకరు కోసం వరుసలో నిలబడతాం. వానాకాలం వచ్చిందంటే అదే ఆవరణలో మోకాలిలోతు నీళ్లలో నడిచి భోజనానికి వెళతాం. ఒకేచోట నీటి కరువు, నీటి ముంపు రెండూ ఎందుకుంటాయి? జవాబు వెతుకుతూ మేము హైదరాబాదు నగరం కథ చదివాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

వరద నుండి పుట్టిన జలాశయాలు

1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరదను నగరంలోకి వచ్చాక కాదు, ఎగువనే ఆపాలని ఆయన సూచించారు. అలా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

వరద ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. గండిపేట నీరు పంపులు లేకుండా పల్లానికి పారి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేలా ఏర్పాటు చేశారు. అయితే ఇందులో ఒక చిక్కుంది. తాగునీటి కోసం జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే అందులో ఖాళీ ఉండాలి. అందుకే భారీ వర్షాలప్పుడు అధికారులు మూసీ ఒడ్డు వారిని హెచ్చరించి గేట్లు ఎత్తుతారు.

దూరం నుండి వచ్చే నీరు

నగరం పెరిగింది, నీరు చాలలేదు. 1965లో మంజీరా నీరు, తరువాత సింగూరు నీరు, 2004లో కృష్ణా నీరు, 2015లో గోదావరి నీరు వచ్చాయి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. నగరం అంతకన్నా వెయ్యి అడుగులకు పైగా ఎత్తులో ఉంది. కాబట్టి కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, మెట్టుమెట్టుగా మోటార్లతో ఎక్కించాలి. ఎల్లంపల్లి గోదావరి నీరు ఇంకా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి, ట్యాంకుల నుండి ఇళ్లకు వదులుతారు. మనం కట్టేయకుండా వదిలేసిన నల్లా నుండి కారిపోయేది ఇంత ఖర్చుతో వచ్చిన నీరే.

దారి తప్పిన వాననీరు

పూర్వం మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. ఒక చెరువు నిండితే అలుగు పారి, కాలువ వెంట కింది చెరువుకు చేరేది. ఆ చెరువుల్లో ఇళ్లు లేచాయి, కాలువలు ఇరుకు నాలాలయ్యాయి. సిమెంటు పరిచిన నేల నీటిని తాగదు. 2000 ఆగస్టులో ఒక్కరోజే బేగంపేటలో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, మళ్లీ 2020 అక్టోబరులో నగరం మునిగింది. 2020లో గుర్రం చెరువు, పల్లె చెరువు కట్టలు తెగి కాలనీలు నీట మునిగాయి.

ముంపు అందరికీ సమానం కాదు. మాలో కొందరి అమ్మానాన్నలు పట్నంలో కూలిపని చేస్తూ నాలా పక్కనే ఉంటున్నారు. తక్కువ కిరాయికి దొరికేది అక్కడే. పెద్ద వానపడిందని వింటే ఆ రాత్రి మాకు నిద్రపట్టదు. నాలా వెడల్పు చేయడం ఎంత అవసరమో, అక్కడివారికి మరోచోట గూడు చూపించడం అంతే అవసరమని మేము అనుకుంటున్నాం.

మనం చేయగలిగింది

వంద చదరపు మీటర్ల డాబాపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీరు! ఈ లెక్క చూశాక మేమంతా కలిసి హాస్టలు వెనుక ఇంకుడుగుంత తవ్వాం. అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేసి డాబా పైపును అందులోకి మళ్లించాం. ఒక్క గుంతతో బోరు నిండకపోవచ్చు. కానీ ఆవరణలో నిలిచే నీరు కొంతైనా భూమిలోకి దిగుతుంది.

నీటికి నిలిచే చోటు, పారే దారి రెండూ ఉండాలి. ఆ రెండూ లేని చోట వేసవిలో దాహం, వానాకాలంలో ముంపు తప్పవు. మహానగరానికైనా, మన హాస్టలుకైనా ఇదే పాఠం.